తొమ్మిది కాగితప్పట్టీలు

"జరుగు."

"జరగను నాన్నా."

ఒక చేతిలో లప్పం డబ్బా, ఇంకో చేతిలో రేకు. ఎన్ని ఇళ్ళ గోడలకు లప్పం పెట్టి అద్దంలా నున్నగా చేశాడో ఆ రంగుల మేస్త్రీకే గుర్తులేదు. ఇవాళ సొంత పడకగదిలో, సొంత కూతురే గోడకు వీపు ఆనించి అడ్డం నిలబడింది. పదేళ్ళ పిల్ల. నడుముకు తండ్రి పాత టేపు తగిలించుకుంది. కనబడిన ప్రతిదాన్నీ కొలుస్తుందని ఆమెకు టేపురాణి అని ముద్దుపేరు పెట్టింది ఆయనే.

"పది గంటలకి ఓనరుగారొస్తారు. కింద హాలు అద్దెకి తీసుకునే పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొస్తారు. రంగుల మేస్త్రీ ఇంట్లో గోడ ఇలా ఉందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? జరుగు."

"ఇంకా రెండు మిగిలాయి నాన్నా. అవి కూడా చూశాక పూసుకో."

"ఏంటి మిగిలింది?"

"కాగితాలు."

వంటగదిలోంచి తల్లి కేకేసింది. "ఏంటే ఆ రభస? వారానికి ఒక్క ఆదివారం. ఆ ఒక్క రోజు కూడా నన్ను ప్రశాంతంగా గిన్నె తోమనివ్వరా?"

"నీ కూతుర్నే అడుగు! గోడంతా కాగితాలు అంటించి నాశనం చేసింది. తీయనివ్వదట!"

ఆ కాగితాల కథ బడి దగ్గర మొదలైంది. సెలవులిచ్చిన రోజున ప్రతి పిల్ల చేతిలోనూ ఒక పత్రం పెట్టారు. 'వేసవిలో ఇంట్లోనే వినోదం, ఇంట్లోనే విజ్ఞానం' అని పైన పెద్ద అక్షరాలు. కింద పద్దెనిమిది పనులు. నీడలతో బొమ్మలాట ఆడండి. ఇంటిలోపలే పోస్టాఫీసు నడపండి. పాత డబ్బాలో విత్తనం నాటండి. గోళీలతో వేగం లెక్కకట్టండి. రోజురోజుకీ మారే ఒకదాన్ని ఎంచుకుని కొలిచి రాయండి. అడుగున మాత్రం చీమ తలకాయంత అక్షరాలు. 'అన్నీ పెద్దల పర్యవేక్షణలోనే చేయించాలి.'

ఆ పెద్దలు పొద్దున ఏడింటికి తలుపుకు బయటనుంచి తాళం పెట్టి పనికి పోతారనీ, ఆరింటికి గానీ తిరిగిరారనీ ఆ పత్రం రాసినవాళ్ళకు తట్టలేదు. తట్టే బతుకు వాళ్ళది కాదు.

టేపురాణీ, ఆమె చెల్లెలూ కలిసి పద్దెనిమిదిలో పదకొండు పనులు చేసేశారు. డబ్బాలో నాటిన విత్తనం మాత్రం మొలిచిన నాలుగో రోజునే వాలిపోయింది. ఆ కిటికీకి ఎండ రాదు. రోజురోజుకీ మారేది ఇంట్లో ఇంకేముందా అని టేపురాణి వెతికింది. మంచం వెనక గోడలో దొరికింది.

ఒక పగులు. నేలనుంచి లేచి, వంకర తిరిగి, కిటికీ మూల వరకూ పాకింది. దానికి అడ్డంగా తొమ్మిది చోట్ల సన్నని కాగితప్పట్టీలు మైదాపిండితో అంటించి, ఒక్కోదాని మీదా తేదీ రాసింది. గోడ కదలకపోతే కాగితం ఊరికే ఉంటుంది. కదిలితే చిరుగుతుంది.

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి ఆమె వేళ్ళ చివర్లు ఉడికినట్టు ఉంటాయి. ఆ వేళ్ళతోనే కూతురి భుజం పట్టింది.

"రావే ఇవతలికి. నాన్న పని చేసుకోనీ. నీ ఆటలు ఇంకో గోడ మీద ఆడుకో."

"ఇంకో గోడ మారట్లేదమ్మా. ఇదే మారుతోంది. తొమ్మిదిలో ఏడు చిరిగాయి."

"నువ్వే గోకి ఉంటావు."

"నేనెందుకు గోకుతాను? గోకితే లెక్క తప్పదూ?" పిల్ల ఉక్రోషంగా పుస్తకం ముందుకు చాపింది. "మొదటి వారం ఒకటి. రెండో వారం రెండు. ఈ వారం నాలుగు. పుస్తకంలో రాశాను, చూస్కో."

తల్లి పుస్తకం తీసుకోలేదు. వంగి గోడ వైపే చూసింది. ఏడు పట్టీలు మధ్యకు చీలి, రెండు ముక్కలూ రెండు వైపులకు జరిగి ఉన్నాయి. కత్తిరించిన చీలిక కాదు. పట్టి లాగిన చీలిక.

"ఏవయ్యా..." అంది.

"పాత బిల్డింగు. ఎండాకాలం. గోడలు ఆరి బీటలిస్తాయి. పాతికేళ్ళుగా చూస్తున్నానే, నాకు నేర్పుతావా?" ఆయన రేకుతో లప్పం తీశాడు. "నా పని పగుళ్ళు పూడ్చడం. కాగితాలంటించి పూజించడం కాదు."

"అమ్మా, అమ్మా!" చిన్నది మంచం కిందనుంచి తల బయటపెట్టింది. ఆరేళ్ళది. ఎప్పుడూ ఏదో ఒక సందులోంచే ఊడిపడుతుందని ఇంట్లో అందరూ ఉడత అంటారు. "మా మాయ గోళీ చూడవా? నేను తొయ్యను. ఒట్టు. అదే పోతుంది."

గోడ మొదట్లో నేల మీద గోళీ పెట్టి చెయ్యి తీసేసింది.

గోళీ ఒక్క క్షణం ఆగింది. ఆలోచించుకున్నట్టు ఆగింది. తర్వాత కదిలి, వేగం పుంజుకుని, గదికి అడ్డంగా కిటికీ మూలకు పరిగెత్తి టక్కున కొట్టుకుంది.

"తొమ్మిది!" అంది ఉడత, అంకెలు లెక్కపెడుతున్న వేళ్ళు ఎత్తి చూపిస్తూ. "మొదటి రోజు ఇరవై లెక్కపెట్టేదాకా పోలేదు. ఇప్పుడు తొమ్మిదికే పోతోంది. మన గోళీ పరుగు నేర్చుకుందమ్మా!"

ఎవరూ నవ్వలేదు.

కిందినుంచి సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. మూడు వారాలుగా వినబడుతూనే ఉన్నాయి. అలవాటై ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ఇప్పుడు తల్లి ఒక్కో దెబ్బనూ విడిగా వింది.

తండ్రి కూతుర్ని ఒక చేత్తో పక్కకు తప్పించి లప్పం పెట్టడం మొదలుపెట్టాడు. మంచి పనివాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. చిరిగిన ఏడూ, చిరగని రెండూ, తేదీలతో సహా తెల్లటి లప్పం కింద మునిగిపోయాయి.

*

ఓనరు పది కొట్టకముందే వచ్చాడు. వెంట వచ్చిన ఇద్దరూ మెట్ల దగ్గరే నిలబడి ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు.

"ఏం మేస్త్రీ! అప్పుడే గోడకి పౌడరు రాశావే!" తడి లప్పం వైపు చూసి నవ్వాడు. "మీవాడు బంగారం అమ్మా. చెప్పకుండానే పని చేస్తాడు. అందుకే కింద హాలు రంగుల పని మొత్తం ఈయనకే ఇచ్చా."

తల్లి నవ్వలేదు. "గోడ పగిలింది ఓనరుగారూ."

"ఇల్లన్నాక ముడతలు పడవా అమ్మా? నాకు పడలేదూ? నన్ను కూలిపోతున్నానని అంటావా?"

తన జోకుకు తనే నవ్వుకున్నాడు. తండ్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు తల్లికి నచ్చలేదు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆయన అంత గట్టిగా నవ్వడం ఆమె చూడలేదు.

"తాతా, మా ఇంట్లో గోళీ తనే పరిగెడుతుంది!" అంది ఉడత. "మా అక్క రోజూ లెక్క రాస్తోంది. గోడ కూడా రాస్తోంది. గోడ టేపు మీద రెండు గీతల దూరం జరిగింది!"

మెట్ల దగ్గర ఒకాయన ఫోను చెవినుంచి తీసి లోపలికి చూశాడు.

ఓనరు నవ్వు చెరగలేదు. కానీ ఒళ్ళంతా తిప్పి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "అబ్బో, ఇంజనీరమ్మలు! ఏదీ ఆ పుస్తకం? మా ఇంజనీరుకి చూపిస్తా. మంచి రంగుల పెట్టె కొనిస్తా."

"ఇంకా అయిపోలేదండీ," అంది టేపురాణి. పుస్తకాన్ని పొట్టకు అదుముకుంది. "బడి తెరిచేదాకా రాయాలి."

"ఇచ్చెయ్యమ్మా," అన్నాడు తండ్రి.

"నాన్నా..."

"ఇచ్చెయ్యమన్నానా!"

ఇచ్చింది. ఓనరు ఒక్క పేజీ కూడా తిప్పలేదు. మధ్యకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, పిల్లలకి ఇంకేదైనా ఆట నేర్పు. ఇలాంటివి బయట చెప్పుకుంటే మనందరి నీడా పోతుంది."

అడుగుల చప్పుడు మెట్లు దిగాక తండ్రి వంగి కూతురి నడుమునుంచి టేపు తీసేశాడు. తన పనిసంచీలో పడేశాడు.

"ఇక కొలవడాలు చాలు."

టేపురాణి ఏడవలేదు. ఏడిస్తే బావుండేది. వెళ్ళి మంచం అంచున కూర్చుని లప్పం వైపే చూసింది. అక్కడినుంచి సాయంత్రం దాకా లేవలేదు.

*

తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది తల్లి. ఆయన వెనక నిలబడ్డాడు. ఏదో ఒకటి తిడుతుందని చూశాడు.

"ఎదురు వాటా టైలరు ఎందుకు ఖాళీ చేశాడు?" అంది చివరికి, వెనక్కి తిరక్కుండా.

"నాకేం తెలుసు?"

"పదేళ్ళున్నాడు. చెప్పాపెట్టకుండా పోయాడు. వాళ్ళావిడ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని పిల్లలు జాగ్రత్త అంది. ఊరికే అందనుకున్నా."

ఆయన తడి గిన్నె ఒకటి తీసి బోర్లించాడు.

"కింద ఏం చేస్తున్నారు?"

"తెలిసిందేగా. రెండు షాపులు కలిపి ఒకటే హాలు."

"మధ్య గోడ కొట్టేశారు. అదీ తెలుసు. ఆ గోడలో ఏముంది?"

"గోడలో ఏముంటుందే? ఇటుకలు."

ఆమె తిరిగింది. సబ్బు నురగ మోచేతులనుంచి కారుతోంది.

"స్తంభం ఉందా?"

ఆయన గోడ వైపు చూశాడు, గిన్నెల వైపు చూశాడు. రేకు పట్టిన చెయ్యి లాగే ఆయన చూపు కూడా ఎక్కడా నిలవకుండా జారుతోంది.

"నిన్నే. స్తంభం ఉందా లేదా?"

"ఉండేది," అన్నాడు.

ఆమె కుళాయి కట్టేసింది.

"నువ్వు చూస్తుండగానే తీశారా?"

"నేను రంగులేసేవాణ్ణే! నన్ను అడిగి తీస్తారా? సగమే చెక్కారు. సగం అలాగే ఉంది. పైన ఇనుప దూలం వేస్తామన్నారు. రేపు మధ్యాహ్నానికి దాని కింద ఇనుప కాళ్ళు నిలబెడతారు. ఓనరుగారు మాటిచ్చారు."

"సగం స్తంభం మీద నా పిల్లల్ని పెట్టి తాళం వేసి పోతున్నానా నేను? మూడు వారాలుగా? నీకు తెలిసి?"

"గట్టిగా అరవకు. పిల్లలు..."

"పిల్లలకి తెలుసు! మనకంటే ముందే తెలుసు! కాగితాలంటించి మరీ చెప్పారు. నువ్వు లప్పం పూశావు!"

ఆయన కింద కూలబడ్డాడు. పెద్ద మనిషి. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. "పని పోతే ఇల్లూ పోతుంది. రెండూ ఆయనవే. నేనేం చెయ్యాలి చెప్పు."

పనీ, పడుకునే చోటూ ఒక్కడి చేతిలోనే ఉన్నవాళ్ళు కళ్ళెదుట కనబడేదాన్ని కూడా కనబడలేదనడమే నేర్చుకుంటారు. ఆమె కూడా లాండ్రీలో అలాగే నేర్చుకుంది.

"మీ అక్కయ్యింటికి పోదాం. ఇప్పుడే."

"అక్క వాళ్ళు ఊళ్ళో లేరు. రేపు సాయంత్రానికి వస్తారు. రేపు పని దిగగానే బస్సెక్కుదాం. ఒక్క పూట."

"నేను రేపు మానేస్తా."

"మానేస్తే నిన్ను మళ్ళీ రానిస్తారా? కిందటి నెల జ్వరమొచ్చినామెని గేటు దగ్గరే ఆపేశారని నువ్వే చెప్పావుగా." గొంతు మెత్తబడింది. "తాళంచెవి నాకివ్వు. నేను కింద హాల్లోనే ఉంటా. గంట గంటకీ పైకొచ్చి చూస్తా. పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్టు వెయ్యకు," అంది ఆమె. చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఒక్క పూట."

*

సోమవారం పొద్దున ఏడింటికి తాళం వేసి తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. రోజూ జరిగేదే జరిగింది. తలుపు లోపలినుంచి టకటకమని మూడుసార్లు చప్పుడు. అది పోస్టాఫీసు గంట. తలుపు కింద సందులోంచి ఉత్తరం బయటికొస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం తాళం తీసేముందు ఒకటి. తల్లి తిరిగి మూడుసార్లు తట్టాలి. అదే స్టాంపు.

ఇవాళ ఉత్తరం రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, ఆగి, మళ్ళీ కదిలింది. తల్లి పట్టుకుని లాగాల్సి వచ్చింది. అంచు నలిగి చిరిగింది. మూడుసార్లు తట్టింది. ఉత్తరాన్ని రొమ్ము దగ్గర దోపుకుని పరిగెత్తింది. బస్సు తప్పితే గేటు మూస్తారు.

పదింటికి టీ గంట కొట్టాక, ఆవిరి మిషన్ల పక్కన నిలబడి విప్పింది. రోజూ ఈ వేళకే చదువుతుంది. రోజూ ఏదో ఒక బొమ్మ ఉంటుంది. కుక్క మొహంతో ఓనరు, పేడమొహం సూపర్‌వైజరు. పక్కనున్న ఇస్త్రీ ఆవిడ కూడా నవ్వడానికి మెడ చాపింది.

బొమ్మ లేదు.

'అమ్మకి. పుస్తకం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. లప్పం చీలింది. ఆరున్నరకి చూశా. నాన్న పూసినచోటే, పైనుంచి కిందిదాకా. గోళీ ఐదు. కిటికీ రెక్క మూసుకోవట్లేదు. పోస్టాఫీసు సందు చిన్నదైంది. మొన్న శనివారం రెండు మడతలు పట్టింది. ఇవాళ మడత పట్టట్లేదు, అందుకే ఒంటి కాగితం పంపిస్తున్నా. నాన్నకి కోపమొస్తుందని చెప్పలేదు. నువ్వు చెప్పు. ఉడత పడుకునే ఉంది.'

"ఏం రాసిందే?" అంది పక్కావిడ.

తల్లి అక్కడ లేదు. తలకు కట్టుకున్న గుడ్డ కింద పడి ఉంది.

*

వీధి మలుపు తిరగ్గానే ఆమె చెవులు రిక్కించింది. సుత్తి చప్పుడు లేదు.

హాల్లో పనిచేసేవాళ్ళంతా రోడ్డు మీద నిలబడి పైకి చూస్తున్నారు. ఒళ్ళంతా దుమ్ము. ఒకడి చేతిలో సుత్తి ఇంకా అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"వెళ్ళకమ్మా! మేస్త్రీ తెస్తున్నాడు పిల్లల్ని!"

"ఎప్పుడు వెళ్ళాడు?"

అడుగుతూనే వాళ్ళను తోసుకుని లోపలికి పోయింది.

మెట్లు ఎక్కింది. మూడో మలుపులో గోడ సున్నం పెచ్చులుగా రాలి ఉంది. తలుపు ముందు ఆయన. తాళం తీసి ఉంది. గొళ్ళెం తీసి ఉంది. భుజంతో తోస్తున్నాడు. తలుపు కదలడంలేదు.

"తొమ్మిదికి వచ్చి చూశానే," అన్నాడు ఆమెను చూడగానే. ముఖం ఆయన పూసే లప్పంలా ఉంది. "తొమ్మిదికి బాగానే తెరుచుకుంది. కాళ్ళు ఇవాళే నిలబెడతారు కదా, సాయంత్రం ఎలాగూ పోతాం కదా అని కిందికెళ్ళా. గంట. ఒక్క గంటే."

ఆమె తలుపుకు చెవి ఆనించింది. "టేపురాణీ! ఉడతా!"

"అమ్మా!" ఉడత గొంతు. "గోళీ ఇప్పుడు తలుపు దగ్గరికి వచ్చేస్తోంది! కిటికీ దగ్గరికి పోవట్లేదు!"

మేస్త్రీ తలుపు తోయడం ఆపేశాడు. ఇన్నాళ్ళూ కిటికీ వైపు వాలిన నేల ఇప్పుడు మెట్ల వైపు వాలింది. అది ఆయనకు అర్థమైంది. పాతికేళ్ళు గోడల్ని చూసినవాడు.

"సుత్తి తెప్పించు, పగలగొట్టు!" అంది ఆమె.

"కొట్టకూడదే. చట్రం ఎటు బిగుసుకుందో తెలీకుండా ఒక్క దెబ్బ కొట్టినా..." తలుపు పైనున్న గోడ వైపు చూశాడు. ఆ గోడ చిన్నగా, సన్నగా, ఇసుక జారినట్టు చప్పుడు చేసింది. "లోపలివైపు పైన సందు ఎంతుందో తెలియాలి. ఏ మూల తెరిచుంటే ఆ మూలే లేపాలి."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలుపుకు నోరు దగ్గరగా పెట్టాడు.

"టేపురాణీ. అమ్మా. నాన్నని. నువ్వు కొలిచి చెప్పాలి తల్లీ. కుర్చీ ఎక్కి, తలుపు పైన రెండు మూలలా సందు ఎంతుందో కొలిచి చెప్పు. నువ్వు ఎంత చెప్తే అంత. నేను నమ్ముతా."

లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఎక్కిన చప్పుడు.

"నాన్నా."

"చెప్పమ్మా."

"టేపు నీ దగ్గరే ఉంది."

ఆయన చెయ్యి తనంతట తానే సంచీలోకి పోయింది. టేపు చల్లగా తగిలింది. దాన్ని తలుపు కిందనుంచి తోయబోయాడు. టేపు నాలుక బయటికి లాగి, ఆ పల్చటి రేకునైనా దూర్చబోయాడు. అది వంగి వెనక్కి వచ్చింది.

తల్లి నేల మీద బోర్లా పడుకుని వేళ్ళతో తడిమింది. పొద్దున ఉత్తరం వచ్చిన చోట సందు లేదు.

లోపలినుంచి పోస్టాఫీసు గంట మోగింది. టక్, టక్, టక్.